మనుషులు తగ్గితే ఓడ తేలిక: కొత్త యజమానులకు చిట్కాలు

ఓడ కొన్నందుకు అభినందనలు. సెకండ్‌హ్యాండ్‌దైతేనేం, యాభై వేల టన్నులు మోసే బల్క్ క్యారియర్ మీ పేరున ఉందంటే మాటలా! ఇక లాభం సంగతి చూద్దాం. ఆయిల్ ధర మీ చేతిలో లేదు. రేవు రుసుములు మీ చేతిలో లేవు. బీమా ప్రీమియం అసలే లేదు. బ్యాంకు వడ్డీ గురించి మాట్లాడుకోకపోవడమే ఆరోగ్యం. మీ కత్తెరకు అందేది ఒక్కటే: ఓడ మీద మనుషులు. వాళ్లు తింటారు, జీతం అడుగుతారు, ఇంటికి పోతామంటారు. వీటన్నిటినీ మించి, నిద్రపోతారు. పడుకున్న మనిషికి జీతమివ్వడం కంటే దండగ ఖర్చు ఏ వ్యాపారంలోనూ లేదు. కింది చిట్కాలు వరసగా పాటించండి. ఇరవై ఇద్దరి పని పద్నాలుగు మందితో అయిపోతుంది. ఆ పద్నాలుగు మంది కూడా ఎందుకన్న ప్రశ్న మీకే పుడుతుంది.

1. జెండాను బేరమాడి కొనండి

సొంత దేశం జెండానే కట్టాలన్న సెంటిమెంటు ఇంట్లో వదిలి రండి. ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశం చట్టమే ఓడ మీద చెల్లుతుంది. ఎంతమందిని పెట్టాలో తేల్చేదీ ఆ దేశమే. కాబట్టి చీరల కొట్లో కూర్చున్నట్టు కూర్చుని ఒక్కొక్కటీ తీయించి చూడండి. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు బాగా నడుస్తున్న సరుకు. లైబీరియా అంటే ఆఫ్రికా దాకా పోవాలేమోనని కంగారు పడకండి. ఆ రిజిస్ట్రీని నడిపేది అమెరికాలోని వర్జీనియా నుంచి. మార్షల్ దీవులదీ ఆ వర్జీనియా నుంచే. ఇంకా కిందికి దిగాలనుకుంటే మంగోలియా ఉంది. ఆ దేశానికి గుక్కెడు సముద్రం లేదు, అయినా 2003 నుంచి ఓడలకు జెండాలిస్తోంది, అదీ సింగపూర్‌లో కూర్చుని. హుస్సేన్‌సాగర్ ఉండి కూడా హైదరాబాద్‌లో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు.

పేరున్న పెద్ద రిజిస్ట్రీలతో ఒక చిక్కుంది. పరువు కాపాడుకోవాలని అప్పుడప్పుడూ గట్టిగా అడుగుతుంటాయి. రేవుల్లో ఓడల్ని తనిఖీ చేసే దేశాల కూటమి ఒకటుంది, పారిస్ ఒప్పందం అంటారు. ఎక్కువగా పట్టుబడే జెండాల పేర్లతో వాళ్లు నల్ల జాబితా తయారుచేసి అందరూ చూసేలా పెడతారు. అది హెచ్చరిక కోసం పెట్టినది. మీరు దాన్ని క్యాటలాగుగా వాడుకోండి.

2. కనీస సిబ్బంది పత్రం దరఖాస్తులో కవిత్వం రాయండి

సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఐదో అధ్యాయం, 14వ నిబంధన ప్రకారం ఓడ మీద కనీస సురక్షిత సిబ్బంది పత్రం ఉండి తీరాలి. భయపడకండి. ఎంతమంది కావాలో మొదట లెక్కవేసి ప్రతిపాదించేది కంపెనీయే. పరీక్ష రాసేవాడే ప్రశ్నపత్రం తయారుచేసుకునే ఇంత చక్కని పద్ధతి మన ఇంటర్మీడియట్ బోర్డుకి కూడా తట్టలేదు. జెండా దేశం దిద్దుతుంది, అంతే. మార్కులు తక్కువేస్తే వేరే బడికి మారిపోతామని ముందే ఓ మాట చెవిన వేయండి.

ఏమేమి లెక్కలోకి తీసుకోవాలో చెబుతూ 2011లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒక తీర్మానం చేసింది: ఓడ ఎంతది, ఎన్ని రేవులు తిరుగుతుంది, సరుకేమిటి, మంట రేగితే ఆర్పేదెవరు, అందరికీ విశ్రాంతి గంటలు దక్కుతాయా అని పెద్ద చిట్టా. దీన్ని చదివి బెంబేలు పడకండి. మీ ఓడ ఎప్పుడూ నడిసముద్రంలో, అలల్లేని నీటి మీద, సరుకు దించని, ఎక్కించని రోజుల్లో మాత్రమే ఉంటుందని నింపండి. వారంలో మూడు రేవులు తాకుతుందన్న సంగతి దరఖాస్తులో ఎక్కడా దొర్లనీయకండి.

ఎవరైనా నొసలు చిట్లిస్తే ఎమ్మా మర్స్క్‌ను చూపించండి. 2006లో వచ్చినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద కంటైనర్ ఓడ, 397 మీటర్ల పొడవు, దాన్ని నడపడానికి 13 మంది చాలన్నారు. నిజానికి అందులో అంతకంటే ఎక్కువ మందే వెళ్లేవారు. ఆ ముక్క మీరు ఎత్తకండి.

పత్రం చేతికొచ్చాక అసలు కిటుకు. అందులోని అంకె ఇంతకు తగ్గరాదని చెప్పేది. మీరు ఇంతకు మించరాదని చదువుకోండి. ఎవరైనా కెప్టెన్ ఫోన్ చేసి ఇంకో ఆఫీసర్ని పంపమంటే, ప్రభుత్వం నిర్ణయించిన సంఖ్యను మార్చడానికి మేమెవరమండీ అని వినయంగా అనండి.

3. ఒక్కో మనిషికి నాలుగు టోపీలు పెట్టండి

పూర్వం ఓడల్లో రేడియో ఆఫీసర్ అని ఒకాయన ఉండేవాడు. 1999 ఫిబ్రవరి నుంచి ఉపగ్రహ పద్ధతి పూర్తిగా అమల్లోకి రాగానే ఆయన కొలువు పోయింది. పని పోలేదు, కుర్చీ పోయింది. ఆ పనిని డెక్ ఆఫీసర్లయిన మేట్‌లకు కట్టబెట్టండి. 2004 జులైలో ఓడల భద్రతా నియమావళి వచ్చింది. ప్రతి ఓడకూ సెక్యూరిటీ ఆఫీసర్ ఉండాలన్నారు. కొత్త మనిషిని పెట్టాలని దానర్థం కాదు, కొత్త టోపీ కొనాలని. ఆ టోపీ చీఫ్ మేట్‌కు తొడగండి. ఆయన అప్పటికే సరుకు చూస్తున్నాడు, బ్యాలస్ట్ నీళ్లు చూస్తున్నాడు, డెక్ మీద చిప్పింగూ పెయింటింగూ చేయిస్తున్నాడు, చాలా ఓడల్లో మందుల పెట్టె తాళమూ ఆయన దగ్గరే ఉంది. ఒక టోపీకి ఏం బరువు?

వంటవాణ్ణి అగ్నిమాపక దళంలో వేయండి. మెస్‌మన్‌ను స్ట్రెచర్ మోసేవాళ్లలో వేయండి. స్ట్రెచర్‌కు రెండో వైపు ఎవరు పట్టుకుంటారని అడిగితే వంటవాడి పేరే రాయండి. మంట, గాయం ఒకేసారి రావు కదా అని సర్దిచెప్పండి.

రాత్రిపూట ఇంజిన్‌రూమ్‌కు మనిషి అక్కర్లేదు. తలుపు వేసి అలారాలకు అప్పగించండి, చాలా ఓడలకు ఆ అనుమతి ఉంటుంది. అలారం మోగితే డ్యూటీ ఇంజినీర్ గదిలో మోగుతుంది. రాత్రి నాలుగు సార్లు లేచాడా? నాలుగు సార్లు పడుకున్నాడు కూడా కదా. ఇలా నిద్ర చెడితే దానికి బదులు విశ్రాంతి ఇవ్వాలని నియమం చెబుతోంది. ఆయనకు ఆ నియమం చదివే తీరిక రాకుండా చూసుకోండి.

రేవులో కట్టేటప్పుడు ముందు గుంపు, వెనక గుంపు అని తాళ్ల దగ్గర మనుషులు నిలబడతారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పెట్టండి. బిగిసిన తాడు తెగి వెనక్కి కొడితే కాళ్లు విరుగుతాయని పాతకాపులు భయపెడతారు. అందుకే తక్కువ మందిని పెట్టమంటున్నాను. తగలడానికి కాళ్లు తక్కువ.

4. ఆరు గంటలు పని, ఆరు గంటలు కూడా పనే

వారానికి 168 గంటలు. నావికుల పని, విశ్రాంతి గురించి ఎంఎల్‌సీ అనే 2006 నాటి ఒప్పందం దేశాలకు రెండు దారులు చూపింది. పనికి గరిష్ఠం పెట్టుకుంటే వారానికి 72 గంటలు. విశ్రాంతికి కనిష్ఠం పెట్టుకుంటే వారానికి 77 గంటలు. పైపైన చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ 168 లోంచి 77 తీసేసి చూడండి. 91 గంటల పని! ఒకే ఒప్పందం, ఒకే పేరా, మనిషికి వారానికి 19 గంటల తేడా. రెండో దారి పట్టిన దేశం జెండా కట్టండి. విశ్రాంతి గురించి మాకు ఎంతో పట్టింపు కాబట్టి విశ్రాంతినే కొలుస్తామని చెప్పుకోవచ్చు కూడా.

ఇప్పుడు వాచ్‌లు, అంటే కాపలా వంతులు, పంచండి. ముగ్గురు ఆఫీసర్లుంటే నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి. ఆ మూడో జీతం ఎందుకు? చిన్న ఓడల్లో ఎంతోమంది చేస్తున్నట్టు కెప్టెన్, మేట్ ఇద్దరే ఆరు గంటలకోసారి మార్చుకోవాలని చెప్పండి. ఒక్కొక్కరికీ రోజుకు పన్నెండు, వారానికి 84 గంటలు ఓడ నడిపే బ్రిడ్జి మీదే అయిపోయాయి. చట్టం ఇచ్చిన 91లో ఇంకా ఏడు మిగిలాయి, అంటే రోజుకో గంట. ఆ గంటలో సరుకు లెక్కలు, రేవు కాగితాలు, తాళ్లు, డ్రిల్, చార్టు దిద్దుబాటు, కస్టమ్స్‌వాడికి టీ, మీ ఈమెయిళ్లకు జవాబులు. మీ ఈమెయిళ్లు మాత్రం రోజుకు ఇరవైకి తగ్గకుండా చూడండి. ప్రతిదాని మీదా అర్జెంట్ అని రాయండి.

ఆరు గంటల విరామంలో స్నానం, తిండి, వాచ్ అప్పగింత పోగా నాలుగు గంటలు పడుకుంటాడు. అదీ ఇంజిను మోతలో, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి. దీని మీద యూరప్‌లో ప్రాజెక్ట్ హొరైజన్ అని ఒక పరిశోధన చేసి 2012లో ఫలితాలు చెప్పారు. తొంభై మంది ఆఫీసర్లను సిమ్యులేటర్లలో కూర్చోబెట్టి, తలకు తీగలు అతికించి చూశారు. తమను చూస్తున్నారని తెలిసి కూడా కొందరు వాచ్‌లోనే నిద్రపోయారు. ఆరు గంటల పద్ధతిలో అలసట మరీ ఎక్కువని తేల్చారు. ఈ పరిశోధన నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒకటే: తలకు తీగలు పెట్టనివ్వకండి.

5. నిద్రను పుస్తకంలో పండించండి

ఈ అధ్యాయం పెన్సిలు పట్టుకుని చదవండి. మీ వ్యాపారమంతా దీని మీదే నిలబడింది.

ప్రతి నావికుడికీ రోజువారీ విశ్రాంతి రికార్డు ఉండాలి. ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా పది గంటల విశ్రాంతి. దాన్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. నావికుడు సంతకం పెట్టాలి, కెప్టెన్ సంతకం పెట్టాలి. నియమం ఎంత ముచ్చటగా ఉందో చూశారా? ఎక్కడా ఎవరూ వెళ్లి మంచం పక్కన నిలబడి చూడాలని లేదు.

పూర్వం దీన్ని చేత్తో నింపేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది. గంటలు తప్పితే గడి ఎర్రబడుతుంది. ఎర్రగడి కనబడగానే చాలామంది కొత్త యజమానులు మనిషిని పంపాలేమోనని గాభరా పడతారు. అయ్యో, మౌస్ ఉంది కదా! గడి పచ్చబడేదాకా గంటల్ని అటూ ఇటూ జరపమని చెప్పండి. ఎర్రగడి మిగిలితే ఆఫీసు నుంచి సంజాయిషీ మెయిల్ పంపండి: మీకు సమయపాలన చేతకావడం లేదు, వివరణ ఇవ్వండి అని. రెండు మెయిళ్ల తర్వాత ఓడ మొత్తం పచ్చగా, కోనసీమలా కళకళలాడుతుంది.

నెల మొదటి తారీఖునే నెలంతా నింపేయమనండి. పని అంటే ముందుచూపు. ఒక్క జాగ్రత్త, ఫిబ్రవరి 30న ఎవరూ పడుకోకుండా చూసుకోవాలి. ఓడ రేవులోకి వచ్చిన రాత్రి రెండున్నరకు డెక్ మేస్త్రీ బోసన్ గాఢనిద్రలో ఉన్నాడని రికార్డులో ఉండి, అదే రెండున్నరకు లంగరు ఆయనే ఎత్తాడని డెక్ లాగ్‌లో ఉంటే పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టర్ ముసిముసిగా నవ్వుతాడు. అలాంటప్పుడు లాగ్‌ను కూడా దిద్దాలి. లాగ్ దిద్దితే పైలట్ ఎక్కిన సమయం, ఇంజిన్ గంటల పుస్తకం, ఆయిల్ రికార్డు పుస్తకం దిద్దాలి. ఇన్ని దిద్దడానికి చీఫ్ మేట్‌కు రోజూ మరో గంట పడుతుంది. ఆ గంటను విశ్రాంతి కింద వేయండి.

ఇదంతా తప్పేమో అని మనసు పీకితే, ధైర్యం చెప్పడానికి ప్రపంచ సముద్రయాన విశ్వవిద్యాలయం వాళ్ల 2020 అధ్యయనం ఉంది. స్వీడన్‌లో మాల్మో నగరంలో కూర్చుని రాశారు. రికార్డులను సర్దడం ఓడల మీద మామూలు అలవాటైపోయిందని, కనీస సిబ్బంది సంఖ్య చాలకపోవడమే దానికి మూలమని, తనిఖీలు జరుగుతున్నా ఇది నడిచిపోతోందని తేల్చారు. చూశారా? మీరు ఒంటరి కాదు. నడిచే దారిలోనే నడుస్తున్నారు.

ఒక కుర్ర థర్డ్ మేట్ వచ్చి ఉన్నదున్నట్టు రాస్తానంటే కోప్పడకండి. నీ గంటలు తప్పితే ఓడను రేవులో ఆపేస్తారు బాబూ, ఓడ ఆగితే అందరూ దిగి ఇంటికి పోవడమూ ఆగుతుంది, అందరూ నిన్నే చూస్తారు అని మెల్లగా చెప్పండి. ఆరు నెలలుగా బిడ్డ ముఖం చూడని ఫిట్టర్‌ను ఆ పిల్లవాడి పక్కన భోజనానికి కూర్చోబెట్టండి. మిగతాది ఫిట్టర్ చూసుకుంటాడు.

6. మద్యం మీద ఉక్కుపాదం మోపండి

ఓడంతా పోస్టర్లు అంటించండి. శ్వాస పరీక్ష యంత్రం కొనండి, ఆడిటర్లకు చూపించడానికి బాగుంటుంది. రక్తంలో మద్యం 0.05 శాతం దాటరాదని అంతర్జాతీయ హద్దు. అంత మత్తు కావాలంటే సీసా కొనాలి, డబ్బు దండగ. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు: పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చేతులూ చూపూ సరిగ్గా 0.05 శాతం తాగినవాడిలాగే తడబడతాయి. ఇరవై నాలుగు గంటలైతే 0.10 శాతం. ఇంత మత్తు మీరు ఉచితంగా సరఫరా చేయొచ్చు. దాన్ని పట్టే యంత్రం రేవులో ఎవరి దగ్గరా లేదు.

7. మేలుకొలుపు మీటను ఆపేయండి

బ్రిడ్జి మీద ఒక దిక్కుమాలిన పెట్టె ఉంటుంది. 2011 జులై నుంచి కొత్త ఓడలకు తప్పనిసరి చేశారు, తర్వాత పాతవాటికీ పాకించారు. మూడు నుంచి పన్నెండు నిమిషాల లోపు గడువు పెడతారు. ఆ గడువులో వాచ్ ఆఫీసర్ కదలకపోతే ముందు దీపం మెరుస్తుంది, తర్వాత కూత పెడుతుంది, అయినా లేవకపోతే కెప్టెన్ గదిలో మోగుతుంది. కెప్టెన్ అప్పుడే ఆరు గంటల వాచ్ దిగి పడుకున్నాడు. ఆయన నిద్ర చెడగొట్టడం అమానుషం. మీటను ఆపేసి తాళంచెవి సొరుగులో వేయండి, సర్వేయర్ వచ్చినప్పుడు తీయొచ్చు.

దీనివల్ల ప్రజలకు మేలు కూడా జరుగుతుంది. 1997 మార్చిలో సీటా అనే కంటైనర్ ఓడ మేట్ వాచ్‌లో నిద్రపోయాడు, అలారం ఆపేసి ఉంది, ఓడ నేరుగా వెళ్లి ఇంగ్లండు నైరుతి మూలన సిల్లీ దీవుల రాళ్లెక్కింది. దీవుల జనానికి కొన్నాళ్లపాటు బూట్లు, బట్టలు, టైర్లు ఒడ్డుకే కొట్టుకొచ్చాయి. 2008 జూన్‌లో అంతారి అనే చిన్న ఓడ ఆఫీసర్ నడిరాత్రి వాచ్ ఎక్కిన కాసేపటికే కునుకు తీశాడు. మూడు గంటలకు పైగా ఎవరూ నడపకుండానే ఓడ చక్కగా సాగి, ఉత్తర ఐర్లండులో లార్న్ దగ్గర ఒడ్డెక్కి ఆగింది. మనుషులు అక్కర్లేదని ఇంతకంటే రుజువేం కావాలి?

చీకటి పడ్డాక ఆఫీసర్‌కు తోడు ఒక లుకౌట్ ఉండాలని మళ్లీ ఇంకో నియమం. ఆ డెక్ నావికుడు పగలంతా తుప్పు కొట్టాడు, పెయింట్ వేశాడు. రాత్రి పడుకోనివ్వండి, తెల్లారితే మళ్లీ సుత్తి పట్టాలి కదా. బ్రిటన్ ప్రమాద దర్యాప్తు శాఖ 2004లో పాత కేసులు తిరగేసి, నేలకెక్కిన ఓడల్లో మూడో వంతు వాటి మీద రాత్రిపూట అలసిపోయిన ఆఫీసర్ ఒక్కడే ఉన్నాడని రాసింది. మిగతా రెండు వంతుల గురించి మాట్లాడండి మీరు.

8. రేవులో అసలు పడుకోనివ్వకండి

రేవులో గడిచే ప్రతి గంటకూ డబ్బు. కాబట్టి చీఫ్ మేట్ సరుకు ఎక్కేంతసేపూ నిలబడాలి, సరుకు ఎక్కగానే ఓడ కదలాలి, కదలగానే ఆయన వాచ్ మొదలవ్వాలి. షెన్ నెంగ్ 1 అనే బొగ్గు ఓడ ఈ పద్ధతిలో ఆదర్శం. 2010 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టన్ నుంచి చైనాకు బయల్దేరింది. వాచ్‌లో ఉన్న చీఫ్ మేట్ అంతకుముందు ముప్ఫై ఎనిమిదిన్నర గంటల్లో పడుకున్నది రెండున్నర గంటలు. ఆ రెండున్నర మాత్రం ఎందుకిచ్చారో అర్థం కాదు. మలుపు తిరగాల్సిన చోట తిరగలేదు. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని డగ్లస్ షోల్ మీద ఎక్కి పగడపు దిబ్బలను నలగగొట్టింది. ఆరేళ్లకు రాజీ కుదిరింది, 3 కోట్ల 93 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు. మరో ఆఫీసర్ జీతం ఆదా అయింది చూడండి, అది లెక్కలో కలపడం మరిచిపోకండి.

9. డ్రిల్‌ను ఫొటో తీయండి

నెలకోసారి లైఫ్‌బోటు డ్రిల్, మంటల డ్రిల్. ఒకే మధ్యాహ్నం పన్నెండు నెలల ఫొటోలు తీసుకోండి. జాకెట్లు మార్పించండి. ఆకాశం రంగు ఒక్కటే ఇబ్బంది.

10. ఎక్కేదాకా బాబూ, ఎక్కాక ఎవరు నువ్వు

మంచి నావికులు ఎక్కడ దొరుకుతారంటే, మన శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు వెతకండి. జీడితోటలు, కొబ్బరితోటలు ఉన్న ఊళ్లలో ఇంటికొకడు ఓడెక్కాలని చూస్తున్నాడు. భారత ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ నుంచి లైసెన్సున్న ఏజెంట్ల దగ్గరకు పోకండి, వాళ్లు కాంట్రాక్టు కాపీ అడుగుతారు. విశాఖలో లాడ్జి గదిలో ఆఫీసు తెరిచిన వాళ్లున్నారు, వాళ్లను పట్టుకోండి. ఉద్యోగమిప్పించడానికి నావికుడి దగ్గర రుసుము తీసుకోరాదని ఎంఎల్‌సీలో ఉంది. ఏజెంటు దాన్ని ట్రైనింగు ఫీజంటాడు, డాక్యుమెంటేషనంటాడు, లక్షలు గుంజుతాడు. పొలం తాకట్టు పెట్టి వచ్చిన కుర్రాడి కంటే విధేయుడైన ఉద్యోగి లోకంలో దొరకడు. వాడు ఎన్ని గంటలు పడుకున్నానని రాయమంటే అన్ని గంటలు రాస్తాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు. సంతకం పెట్టేదాకా ఏం బాబూ, అమ్మానాన్నా బాగున్నారా అనండి. ఎక్కాక పేరుతో పిలవకండి, ర్యాంకుతో పిలవండి. పదకొండు నెలలు దాటి ఓడ మీద ఉంచడం కుదరదు. పదో నెలలో రిలీవర్‌కు వీసా రాలేదనండి. పదకొండో నెలలో విమానం టికెట్ దొరకలేదనండి. పన్నెండో నెలలో అతన్నే అడగండి, ఇంకో రెండు నెలలు ఉంటావా, ప్రమోషన్ చూద్దామని. 2020లో కోవిడ్ రోజుల్లో నాలుగు లక్షల దాకా నావికులు గడువు దాటినా దిగలేక ఓడల మీదే చిక్కుకున్నారు. అంతమంది ఉన్నప్పుడు మీ పద్నాలుగు మంది ఒక లెక్కా?

తీసేయాల్సి వస్తే ముఖాముఖి పెట్టుకోకండి. 2022 మార్చి 17న బ్రిటన్‌లో పీ అండ్ ఓ ఫెర్రీస్ దాదాపు ఎనిమిది వందల మందిని ముందే రికార్డు చేసిన వీడియోతో ఇంటికి పంపి, చౌక ఏజెన్సీ సిబ్బందిని ఎక్కించింది. యూనియన్లను సంప్రదించాలని చట్టం చెబుతున్నా సంప్రదించకూడదనే నిర్ణయించుకున్నామని పెద్దాయన ఎంపీల ముందు దర్జాగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత తనిఖీ అధికారులు కొన్ని ఓడలను ఆపేశారనుకోండి. ఆయన కుర్చీ మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కదల్లేదు.

11. బావమరిదిని భద్రతాధికారిని చేయండి

1987 మార్చి 6న బెల్జియంలోని జేబ్రుగ్గా రేవు బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు తెరిచి ఉండగానే బయల్దేరి పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూయాల్సిన అసిస్టెంట్ బోసన్ గదిలో నిద్రపోతున్నాడు. తలుపు మూసి ఉందో లేదో బ్రిడ్జికి తెలిపే దీపం పెట్టించమని కెప్టెన్లు అంతకుముందే అడిగితే ఆఫీసు ఎగతాళి చేసింది. కంపెనీలో పైనుంచి కిందిదాకా అందరిదీ తప్పేనని దర్యాప్తు తేల్చింది. అందరిదీ అంటే పైవాళ్లది కూడా! అలాంటి దర్యాప్తులు మీకు రాకూడదు.

ఇలాంటి ప్రమాదాల తర్వాతే ఐఎస్‌ఎం నియమావళి వచ్చి 1998 నుంచి అమలైంది. ఓడ మీద ఎవరైనా నేరుగా ఫిర్యాదు చేసుకునేందుకు ఒడ్డున ఒక బాధ్యుడు ఉండాలి, ఆయనకు కంపెనీ అత్యున్నత యజమాని దగ్గరకు నేరుగా వెళ్లే వీలుండాలి. బావమరిదికి ఆ అర్హత పుష్కలంగా ఉంది, మీ ఇంట్లోనే ఉంటాడు. ఆయన ఫోన్ నంబరు ప్రతి గదిలో అంటించండి. ఫోన్ చార్జింగులో పెట్టవద్దనండి.

12. ప్రమాదం జరిగితే మొదటి గంటలోనే మనిషిని ఎంచుకోండి

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ అలాస్కాలో బ్లై రీఫ్ మీద ఎక్కింది. కోటీ పది లక్షల గ్యాలన్ల దాకా ముడిచమురు ప్రిన్స్ విలియం సౌండ్‌లో కలిసింది. ఇప్పటికీ ఎవర్నడిగినా కెప్టెన్ తాగాడంటారు. అమెరికా దర్యాప్తు బోర్డు కెప్టెన్‌ను తప్పుపట్టింది నిజమే. కానీ ఆ వాక్యాల పక్కనే, థర్డ్ మేట్ అలసటతో, తలకు మించిన పనితో ఉన్నాడని, విశ్రాంతి తీసుకున్న సిబ్బందిని తగినంతమందిని ఇవ్వకపోవడం కంపెనీ తప్పని కూడా రాసింది. అంతదూరం ఎవరు చదివారు? సీసా దొరికాక జనం ఇంకేమీ వెతకరు.

కాబట్టి గంటలోపు పత్రికా ప్రకటన పంపండి: ఇది మానవ తప్పిదం. ఏ మానవుడో ఆ కిందివాళ్లలోంచి ఎంచండి. నిద్ర రికార్డు పచ్చగా ఉంది కదా, ఇక ఆయనకు అలసటన్న సాకే లేదు. అయిదో చిట్కా ఎంత విలువైందో ఇప్పుడర్థమైందా?

ఓడ ఒడ్డెక్కినంత మాత్రాన దిగులు పడక్కర్లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు ఆగక విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చింది. పాపం ఆ ఓడకు గాలి తప్ప నేనిక్కడ చెప్పిన తెలివితేటలేవీ లేవు. అయినా ఊరంతా కుటుంబాలతో వచ్చి సెల్ఫీలు దిగింది, మొక్కజొన్న కంకుల బండ్లు వెలిశాయి.

13. మరీ ఇరుకైతే వదిలేయండి

జీతాలు ఇవ్వలేని రోజు వస్తే ఇవ్వకండి. డీజిల్ పంపకండి, తాగునీళ్లు పంపకండి. రెండు నెలలు జీతం ఎగ్గొడితే ఓడను వదిలేసినట్టే లెక్కని ఎంఎల్‌సీ అంటుంది. అననివ్వండి. 2024లో 312 ఓడల మీద మూడు వేల మందికి పైగా నావికులను ఇలా వదిలేశారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క. వాళ్లలో అందరికంటే ఎక్కువమంది భారతీయులే. ఓడను కాపలా కాయడానికి కొందరు ఉండి తీరాలని ఆ రేవు అధికారులే పట్టుబడతారు. జీతమడగని వాచ్‌మెన్లు మీకు ఇంకెక్కడ దొరుకుతారు?

తర్వాత ఎవరో ఒకరు బేరానికి వస్తారు, సాధారణంగా మీ తోడల్లుడి పేరున రిజిస్టరైన కొత్త కంపెనీ. జెండా మార్చండి, పేరు మార్చండి. ఓడ వెనక పాత పేరు మీద కొత్త పేరు రాయడానికి ఒక డెక్ నావికుణ్ణి తాడుకు కట్టి రాత్రికి రాత్రి దించండి. తెల్లారేలోపు అయిపోవాలి. ఆ రాత్రిని అతని రికార్డులో పది గంటల విశ్రాంతి అని వేయండి. పెయింట్ ఆరాక సంతకం పెట్టించుకోండి, లేదంటే కాగితానికి అంటుకుంటుంది.